ఆరే గోడే మన్నే గోడ

కల్బా పేరు మన తెలుగువారిలో చాలామంది విని ఉండకపోవచ్చు. పరిపాలన రీత్యా అది షార్జా ఎమిరేట్‌లో భాగమే. కాని షార్జా నగరం పశ్చిమ తీరాన ఉండగా, కల్బా హజర్ పర్వతాలకు ఆవల, ఒమాన్ సింధుశాఖ ఒడ్డున, ఒమాన్ దేశపు సరిహద్దును ఆనుకొని ఉంటుంది. అక్కడి ఖోర్ కల్బా మడ అడవులను చూసినప్పుడల్లా కాకినాడ దగ్గరి కోరంగి జ్ఞాపకం వచ్చి, మనవారికి మనసు కొంత చల్లబడుతుంది. ఈ తీరంలో పూర్వం బెస్తవారు ‘శాషా’ అనే చిన్న పడవను వాడేవారు. ఆకు దూసివేసిన ఖర్జూరపు మట్టలను తాళ్ళతో కట్టి తయారుచేసే ఈ పడవలో ఒక విచిత్రమున్నది. దాని సందులలోకి నీరు రాకుండా ఆపే ప్రయత్నమే ఎవరూ చేయలేదు. నీరు వస్తూ ఉంటుంది, పోతూ ఉంటుంది. కొన్ని గంటలు సముద్రంలో తిరిగేసరికి మట్టలు నీరు పీల్చి బరువెక్కుతాయి. అప్పుడు దానిని ఒడ్డుకు లాగి ఇసుక మీద ఎండబెట్టేవారు. ఆరిన పడవ మరునాడు మళ్ళీ సముద్రానికి సిద్ధమయ్యేది.

కొయ్య తడవడం దోషం కాదు, ఆరకపోవడమే దోషం అన్న సత్యం ఆ బెస్తవారికి తెలుసు. పెద్ద చదువులు చదివి, పటాలు ముందు పెట్టుకొని గోడలు కట్టించే నాబోటివారు ఆ సత్యాన్ని ఎలా మరిచిపోతున్నారో, దాని ఫలితం ఎవరి మీద పడుతున్నదో ఈ వ్యాసంలో మనవి చేయదలచాను. విషయం ఇంజనీర్డ్ వుడ్ సైడింగ్, అనగా కొయ్య పేళ్ళను జిగురుతో కూర్చి తయారుచేసి, ఇంటి వెలుపలి గోడకు తొడుగుగా బిగించే పలకలు. అమెరికాలో స్థిరపడిన మన బంధుమిత్రులలో అనేకుల ఇళ్ళకు ఉన్నది ఇటువంటి తొడుగే. గల్ఫ్ దేశాలలో ఇళ్ళు సాధారణంగా సిమెంటు దిమ్మెలతో కట్టినవే అయినా, తోటలోని విశ్రాంతి గదులకు, కాపలాదారు గదులకు, విడిగా కట్టే మజ్లిస్‌లకు ఈ తొడుగు వేస్తున్నారు. రేపు విశాఖలోనో, కాకినాడలోనో మేడ మీద ఒక గది వేసుకోవాలనుకునే ప్రవాసాంధ్రుని దృష్టికి కూడా ఇది రావచ్చు. కాబట్టి దీని మంచిచెడ్డలు తెలుసుకోవడం వ్యర్థం కాదు.

ముందుగా ఈ పలక ఏమిటో చూద్దాం. చెట్టును నిలువునా కోసి తీసిన పలకకు ముడులు, పగుళ్ళు, వంకరలు సహజం. పైగా దానికి పెద్ద చెట్టు కావాలి. చిన్న చెట్లను సన్నని పేళ్ళుగా చీల్చి, ఆ పేళ్ళకు రెజిన్ జిగురు, కొద్దిగా మైనం పట్టించి, పొరలుగా పరచి, వేడి మీద అదిమితే పెద్ద పలక వస్తుంది. పేళ్ళకు బదులు కొయ్యను పీచుగా చేసి అదిమితే అది హార్డ్‌బోర్డు. ఈ పలకలలో ముడులుండవు. పొడవు, మందం మనం కోరినట్లే ఉంటాయి. నేటి మేలురకాలలో చెదలకు, శిలీంధ్రాలకు విరుగుడుగా జింక్ బోరేట్ కలుపుతారు. ఇది నీటిలో అతి స్వల్పంగా మాత్రమే కరుగుతుంది కాబట్టి చాలాకాలం పలకలోనే నిలుస్తుంది.

అయితే ఎంత కూర్చినా అది కొయ్యే. కొయ్య చుట్టూ ఉన్న గాలిలోని తేమతో నిత్యం ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. దానిలోని నీరు ఎండు కొయ్య బరువులో 20 శాతానికి లోపు ఉన్నంతవరకు కుళ్ళు పట్టదన్నది వడ్రంగులకూ శాస్త్రజ్ఞులకూ సమ్మతమైన లెక్క. సుమారు 28, 30 శాతానికి చేరితే కణాల గోడలు పూర్తిగా నీటితో నిండుతాయి, శిలీంధ్రానికి విందు మొదలవుతుంది. కూర్పు పలకకు ఇంకొక బలహీనత ఉన్నది. కార్ఖానాలో అదిమి ఉంచిన పేళ్ళు నీరు తగలగానే తమ పూర్వపు మందాన్ని వెదుక్కుంటాయి. పలక ఉబ్బుతుంది. ఆరిన తర్వాత కూడా ఆ ఉబ్బు పూర్తిగా తగ్గదు. పలక ముఖం మీద ప్రైమరు, రంగు ఉంటాయి కాబట్టి అక్కడ నీటికి ప్రవేశం కష్టం. రంపంతో కోసిన అంచు అలా కాదు. అక్కడ పేళ్ళ కొసలు, గొట్టాల కట్టను అడ్డంగా నరికినట్లు, నోళ్ళు తెరుచుకొని ఉంటాయి. చెట్టు బతికి ఉండగా వేరు నుండి నీటిని పైకి చేర్చిన దారులే అవి. చెట్టు పోయినా దారులు మూసుకోలేదు.

ఈ చిన్న విషయాన్ని అలక్ష్యం చేసినందుకు అమెరికా భారీ మూల్యమే చెల్లించింది. 1980 దశకం మధ్యనుండి లూసియానా-పసిఫిక్ సంస్థ విక్రయించిన ‘ఇన్నర్‌సీల్’ పలకలు తేమ ప్రాంతాలలో అంచులు ఉబ్బి, రంగు లేచి, కుళ్ళాయి. కొన్ని ఇళ్ళ గోడల మీద పుట్టగొడుగులు మొలిచాయి. ఇళ్ళవారు ఉమ్మడిగా దావా వేయగా 1996లో సంస్థ కోట్లాది డాలర్ల పరిష్కారానికి అంగీకరించింది. అదే 1996లో అలబామా రాష్ట్రం మొబీల్ నగరంలో జ్యూరీ మాసొనైట్ సంస్థ హార్డ్‌బోర్డు సైడింగ్ లోపభూయిష్టమని తేల్చింది. 1998లో ఆ వ్యాజ్యమూ పరిష్కారమైంది. ఈ తగవులలో తయారీదారులు ‘బిగించడంలో లోపం’ అన్నారు, ఇళ్ళవారు ‘పలకలోనే లోపం’ అన్నారు. ఇరువురి మాటలోనూ నిజమున్నదని నా అభిప్రాయం. అందుకే 1997 నుండి వచ్చిన కొత్తరకం పలకలలో బోరేట్ చేరింది, వాటితోపాటు వచ్చే బిగింపు సూచనల పత్రమూ బాగా పొడవైంది. నేడు యాభై ఏళ్ళ హామీ ఇచ్చే సంస్థలున్నాయి. కాని హామీ పత్రం చివరి వరకూ చదివితే, సూచనల ప్రకారం బిగించిన పలకకే ఆ హామీ వర్తిస్తుందన్న షరతు కనబడుతుంది.

ఇక నా అనుభవం. నేను కల్బాలో ఒక కట్టడపు పనికి పర్యవేక్షకునిగా ఉన్న రోజులలో, ఒక ఇంటి ఆవరణలో విడిగా ఒక మజ్లిస్ గది కట్టాము. కొయ్య చట్రం, వెలుపల కూర్పు కొయ్య పలకల తొడుగు, లోపల ఎయిర్ కండిషనర్. పటం శీతల దేశాల పద్ధతిలో గీసినది. పని చేసినవారు జగిత్యాల ప్రాంతానికి చెందిన ఒక వడ్రంగి మేస్త్రి, ఆయన క్రింద ఇద్దరు కుర్రవాళ్ళు. రంజాన్ లోపల గది అప్పగించాలని యజమాని తొందర. పలకలు కోసి బిగిస్తుండగా మేస్త్రి నా దగ్గరకు వచ్చి, “కోసిన కాడ రంగు పెట్టకుంటే నీళ్ళు గుంజుతది సార్. రెండు దినాలు ఇయ్యుండ్రి, అన్ని అంచులకు పూస్త” అన్నాడు. “బయటికి కనబడదు కదా మేస్త్రీ, ఇప్పుడు టైము లేదు, కానివ్వండి” అన్నాను. నేలకు ఆనకుండా పలకను కొంత ఎత్తున ఆపుదామని కూడా అన్నాడు. క్రింద సందు కనబడితే అందం చెడుతుందని దానికీ నేనే అడ్డుచెప్పాను.

రెండు వేసవులు గడిచాయి. క్రింది వరుస పలకల అంచులు నానిన అట్టలాగా ఉబ్బాయి. మేకుల చుట్టూ తుప్పు మరకలు దిగాయి. యజమాని ఫిర్యాదు చేయగా పలకలు ఊడదీశాము. లోపలివైపు ఉన్న ప్లాస్టిక్ కాగితం మీద చెమట పట్టినట్లు నీటి బిందువులు, చట్రానికి నల్లని బూజు. తప్పు ఎవరిదని విచారణ జరిగింది. ‘బిగించినవారి నిర్లక్ష్యం’ అని కాగితం మీద వ్రాశారు. మేస్త్రి ఓవర్‌టైము డబ్బులో కొంత కోసివేశారు. ఆయన రెండు రోజులు అడిగాడనీ, నేను ఇవ్వలేదనీ ఆనాడు నేను నోరు విప్పి చెప్పలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకు ఆయన స్వదేశం వెళ్ళిపోయాడు. ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పినది విజ్ఞాన శాస్త్రం మీది మక్కువ మాత్రమే కాదని పాఠకులకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

వాన తక్కువగా ఉండే ఎడారి దేశంలో గోడకు తడి ఎక్కడిదని సందేహం రావచ్చు. తడి మూడు దారుల వచ్చింది. మొదటిది నేల. మొక్కలకు పెట్టిన నీరు, ముంగిలి కడిగిన నీరు క్రింది అంచును తాకి పైకి ఎగబాకింది. రెండవది సముద్రపు ఉప్పు. గాలిలోని ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు తానే ఆ తేమను పీల్చి నీరుగా మారుతుంది. తీరంలోని గోడల మీద సన్నని ఉప్పు పూత ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, వాన చుక్క పడకుండానే గోడ రాత్రంతా తడిగా ఉండవచ్చు. మామూలు మేకులు తుప్పు పట్టింది అందుకే.

మూడవది అన్నింటికన్నా గూఢమైనది. కల్బాలో వేసవి సాయంకాలం ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతం ఉన్నదనుకుందాం. ఆ గాలి సుమారు 29 డిగ్రీల చల్లదనం తగిలితే చాలు, మంచుబిందువులను విడుస్తుంది. గది లోపల ఎయిర్ కండిషనర్ 24 డిగ్రీలకు పెట్టి ఉంటుంది. చల్లని నీళ్ళ గ్లాసు బయట చెమట పట్టినట్లే, వెలుపలి గాలి గోడలోనికి చొరబడి చల్లని లోపలి పొరను తాకినచోట నీరవుతుంది. చలిదేశాలలో దీనికి పూర్తిగా విలోమం. అక్కడ ఇంటి లోపలి వెచ్చని తేమ బయటి చలివైపు ప్రయాణిస్తుంది కాబట్టి, ప్లాస్టిక్ కాగితాన్ని లోపలివైపు పరుస్తారు. కల్బాలో అదే కాగితాన్ని అదే చోట పరిస్తే, వెలుపలి నుండి వచ్చిన తేమ దాని మీద చిక్కుకొని, ఆరే దారి లేక, చట్రాన్ని కుళ్ళబెడుతుంది. మినెసోటాలో ప్రాణం పోసే మందు కల్బాలో విషమైంది. దేశం మారినప్పుడు పటం కూడా మారాలని గ్రహించని తప్పు పలకది కాదు, మేస్త్రిది అంతకన్నా కాదు.

వాన లేని దేశమన్న ధీమా కూడా సరికాదు. 2007 జూన్‌లో గోను తుపాను వేళ సముద్రం కల్బా తీరపు వీథులలోకి వచ్చింది. 2022 జూలై చివరి వారంలో పక్కనే ఉన్న ఫుజైరా ఓడరేవులో 250 మి.మీ.కు పైగా వాన నమోదైంది; కల్బా వీథులు కూడా వరదలో మునిగాయి. 2024 ఏప్రిల్‌లో ఆ దేశంలో 1949లో లెక్కలు మొదలైన నాటినుండి ఎన్నడూ లేనంత వాన పడింది.

మరి ఏమి చేయాలి? సూత్రాలు క్లిష్టమైనవి కావు. పలక క్రింది అంచు నేలకు కనీసం 150 మి.మీ. ఎత్తున ఆగాలి. పక్కకప్పు వాలు గోడను కలిసేచోట 25 మి.మీ. విడవాలి. కోసిన ప్రతి అంచుకు, బిగించడానికి ముందే, ప్రైమరో రంగో పట్టించాలి. రెండు పలకల కొసలు కలిసేచోట సుమారు 5 మి.మీ. సందు విడవాలి. ఈ అయిదు ఎక్కడినుండి వచ్చిందని అడగవచ్చు. పదహారడుగుల పలక పొడవు 4,880 మి.మీ. అది తేమకు వెయ్యింట ఒక వంతు సాగినా దాదాపు 5 మి.మీ. అవుతుంది. సందు లేకపోతే పలకలు ఒకదానినొకటి నెట్టుకొని పొట్ట ఉబ్బుతాయి. ఆ సందు వెనుక సన్నని రేకు ఒకటి అమర్చితే, లోపలికి వెళ్ళిన నీరు క్రింది పలక ముఖం మీదికి జారిపోతుంది. కిటికీ పైన కూడా అటువంటి రేకు తప్పదు. సీలెంటు ఒక్కదాన్నే నమ్ముకోరాదు. ఎండకు అది కొన్నేళ్ళలో పగులుతుంది. మేకు తల పలక ముఖానికి సమంగా ఆగాలి గాని లోపలికి దిగరాదు; దిగితే రంగు పొర చిట్లి నీటికి ద్వారం తెరుచుకుంటుంది. సముద్రతీరంలో స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే శ్రేయస్కరం.

వీటన్నింటినీ మించినది వెనుక గాలి. పలకను నేరుగా చట్రానికి బిగించకుండా, మధ్య నిలువు రీపర్లు కొట్టి 10 నుండి 20 మి.మీ. ఖాళీ ఉంచి, అడుగున, పైన పురుగులు దూరని జాలీ పెట్టితే, వెనుక చేరిన తడి క్రిందికి కారిపోతుంది, మిగిలినది గాలికి ఆరిపోతుంది. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో 1980, 90 దశకాలలో కట్టిన వేలాది అపార్టుమెంట్ల గోడలు లోలోపల కుళ్ళగా, 1998లో బారెట్ కమిషన్ విచారణ జరిపింది. ఆ సంక్షోభం నేర్పిన ముఖ్య పాఠాలలో ఈ ఖాళీ ఒకటి. నీటిని పూర్తిగా ఆపగలమన్న అహంకారం మాని, వచ్చిన నీటికి పోయే దారి చూపడమే వివేకమని అక్కడివారు ఆలస్యంగా తెలుసుకున్నారు. కల్బా బెస్తవారికి అది ముందే తెలుసు. ఈ తీరంలో ఒకప్పుడు జనం వేసవి గడిపిన ఖర్జూరపు మట్టల ‘అరీష్’ ఇళ్ళు కూడా ఆ సూత్రం మీద కట్టినవే. వాటి గోడలలో గాలి ఆడుతూ ఉండేది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. కొయ్య మండుతుంది, పలక వెనుక ఖాళీ మంటకు పొగగొట్టంలా పనిచేయగలదు. దుబాయ్‌లోని టార్చ్ టవర్ 2015లోను, తిరిగి 2017లోను వెలుపలి తొడుగు గుండా మంటలు పాకి కాలిన సంగతి మరువరానిది. అక్కడి తొడుగు కొయ్య కాకపోయినా పాఠం ఒకటే. కనుక ఎత్తయిన భవనాలకు నేను ఈ తొడుగును సమర్థించడం లేదు. ఇతర కట్టడాలకు దూరంగా, ఒకే అంతస్తుగా కట్టిన చిన్న గదులకు, అగ్నిమాపక శాఖ అనుమతితో మాత్రమే దీనిని వాడాలి. అసలు కొయ్య ఎందుకు, సిమెంటు ఫైబర్ పలక వాడరాదా అంటే నిరభ్యంతరంగా వాడవచ్చు. దానికి చెద పట్టదు, మంట అంటదు. కాని దాని వెనుక ఉండే చట్రానికి, మేకులకు ఈ తేమ లెక్కలన్నీ అలాగే వర్తిస్తాయి. వస్తువు మార్చినంత మాత్రాన నిర్లక్ష్యానికి విరుగుడు దొరకదు.

నా వాదన సారాంశమిది. ఈ తొడుగు మన్నిక కనబడని పనిలో ఉన్నది. అంచుకు పూసిన రంగు, వెనుక వదిలిన ఖాళీ, సందులో దాచిన రేకు ఇవేవీ గృహప్రవేశం నాడు ఫోటోలో పడవు. కనబడని పనికి వేళ కేటాయించరు, వేతనం లెక్కగట్టరు, చేసినవానిని మెచ్చుకోరు. చేయనప్పుడు మాత్రం నేరం వాని నెత్తిన రుద్దుతారు. ఈ అన్యాయం తొలగాలంటే ఈ పనులను ఒప్పందంలోనే విడివిడిగా వ్రాసి, విడిగా కూలి కట్టాలి. అంచుల రంగుకు ఇన్ని గంటలు, రేకులకు ఇన్ని గంటలు అని లెక్క ఉంటే, రెండు రోజులు అడిగిన మేస్త్రికి కాదనే అధికారం ఏ పర్యవేక్షకునికీ ఉండదు. పలకలు బిగించకముందు, బిగిస్తున్నప్పుడు తీసిన చిత్రాలను యజమానికి అప్పగించే నియమం పెట్టాలి. అరబ్ ఎమిరేట్లలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని నిషిద్ధం. కాలిన గోడ మీద వేసిన రంగు సరిగా పట్టదు కాబట్టి, పనివాని ప్రాణం కాపాడే ఆ నియమం గోడకు కూడా మేలే చేస్తుంది. ఆ విరామాన్ని జాప్యంగా భావించడం తెలివితక్కువ.

మన తెలుగు సంఘాలకు కూడా ఒక విన్నపం. గల్ఫ్‌లో కట్టడపు పని చేసే మనవారు వేలసంఖ్యలో ఉన్నారు. వారి చేతిలో నైపుణ్యం ఉన్నది. సంస్థలు ఇచ్చే సూచనల పత్రాలు మాత్రం ఆంగ్లంలో ఉంటాయి. ఆ పత్రాల సారాన్ని బొమ్మలతో తెలుగులో చిన్న పుస్తకంగా అచ్చువేయించి పంచితే, ‘ఇదిగో, ఇక్కడ వ్రాసి ఉన్నది’ అని చూపించే ఆధారం మేస్త్రికి దొరుకుతుంది. సాంస్కృతిక కార్యక్రమాలకు మనం వెచ్చించే ధనంలో ఒక పిసరు దీనికి చాలు.

మన కోస్తాలో తాటాకు ఇంటి చూరు గోడకు బాగా ముందుకు వచ్చి ఉండేది. చూరు నీళ్ళు గోడను తాకకుండా దూరంగా పడేవి. అరుగు ఎత్తు వల్ల నేల తడి గోడకు అంటేది కాదు. ఆ ఇల్లు కట్టినవారు తేమ శాతాలు లెక్కపెట్టలేదు, తడి ఎటు వస్తుందో, ఎటు పోతుందో చూశారు. కొయ్య తొడుగు వేయించుకోదలచినవారు పలక వెల అడిగే ముందు మేస్త్రిని ఒక్క ప్రశ్న అడగండి: “ఈ గోడ తడిస్తే ఎటునుంచి ఆరుతుంది?” ఆయన జవాబు చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డు రాకండి. నేను అడ్డు వచ్చాను.